అత్త తల ఆనించిన గోడ

ఆ ఎండాకాలం ధర్మవరంలో మా వీధికి బూడిద రంగు జబ్బు పట్టుకుంది.

మొదట పట్టింది ఎదురింటి నాగేంద్రమ్మకు. ఆమె కొడుకు ఫోనులో ఎవరిదో ఇల్లు చూసి, ఆకుపచ్చగా, నీలంగా కళకళలాడే గోడలన్నింటికీ బూడిద రంగు కొట్టించాడు. హాలుకు ఫాల్స్ సీలింగు, దాని అంచుల వెంబడి సన్న లైట్లు, ఒక గోడ నిండా ప్లాస్టిక్ గడ్డి, గడ్డి నడుమ వెలిగే ఇంగ్లీషు అక్షరాలు. ఆ అక్షరాలేమిటో నాగేంద్రమ్మకు తెలియదు. అడిగితే ఏదో మంచి మాటేలే అంది. పాలు పొంగించిన రోజు వీధంతా పోయి చూసొచ్చాం. లోపల ఉన్నంతసేపూ అందరూ బాగుండాది, బాగుండాది అన్నారు. బయటికొచ్చాక తేలు కుట్టిన దొంగల్లా ఒక్కరూ నోరు మెదపలేదు. ఆ హాలు నాగేంద్రమ్మకే పడలేదని నాకు తర్వాత తెలిసింది. పగలంతా ఆమె వాకిలి బయట మెట్టు మీదే కూర్చునేది. లోపల కూర్చుంటే బట్టలంగట్లో చీరలు తీసి చూపిస్తారేమోనని ఎదురు చూస్తున్నట్టు ఉంటుందట.

నచ్చనిదాన్ని నచ్చలేదని మొహాన చెప్పే మనిషి మా వీధిలో ఒక్కతే ఉండేది. మా అత్త పుట్టమ్మ. అంతకు ముందు ఏడాది శివరాత్రికి ముందర ఆమె పోయింది. ఉండి ఉంటే ఆ గడ్డి గోడ ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, 'గొర్రెలు యాడుండాయి మే, మేపనీకి' అని ఉండేది. ఆ రోజు నాగేంద్రమ్మ హాల్లో ఆ మాట నా చెవిలో పడినట్టే అయింది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. రెండూ కొంగులో దాచుకుని ఇంటికొచ్చాను.

అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. నేను హిందూపురం పిల్లను. మా నాయన అక్కడ పట్టుగూళ్ల మార్కెట్లో మూటలు తూకం వేసే పని చేస్తాడు. పెళ్లయి ధర్మవరం వచ్చినప్పటి నుంచీ అత్తకూ నాకూ మాటకు మాట. కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా నోట్లో దొర్లే కన్నడ మాటల దాకా అన్నిటికీ ఆమెకు పేచీయే. నేను డబ్బుల్ని దుడ్లు అంటే చాలు, 'ఈడ వాటిని లెక్కలంటారు' అని దిద్దేది. ఆమె పోయాక నేనేమీ ఉత్తమురాలిని కాలేదు. తిట్టే నోరు లేని ఇంట్లో నేను వండిన కూర ఉప్పగా ఉందో చప్పగా ఉందో కూడా నాకు తెలియకుండా పోయింది.

మా ఇల్లు పాత మిద్దె. హాలు అనడం మాటకే గానీ సగం హాలు మగ్గానిదే. గుంతలో కాళ్లు పెట్టుకుని మా మామ నారాయణప్ప పట్టుచీరలు నేస్తాడు. సరిగ్గా మగ్గం నెత్తిన, మిద్దెకు మూరెడు చదరంగా ఒక కంత, దాని మీద అద్దం. దాన్ని మేం గవాచి అంటాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టు మీద పడే వెలుగంతా దానిదే. మగ్గం పక్కన గోడ వారగా అత్త రాట్నం ఉండేది. ఆమె పట్టుదారం కండెలకు చుట్టి అందిస్తే, మామ వాటిని నాడెలో పెట్టి, దాన్ని పోగుల నడుమ అటూ ఇటూ ఆడిస్తూ నేసేవాడు.

అట్లా ఏళ్ల తరబడి గోడకు తల ఆనించి చుట్టి చుట్టి, ఆ ఆకుపచ్చ గోడ మీద అత్త తలనూనె మరక పడింది. నల్లగా, గుండ్రంగా, జొన్నరొట్టెంత మరక. నేను పొరపాటున ఆ గోడకు ఆనుకుంటే మాత్రం ఆమె ఊరుకునేది కాదు.

"గోడకు తలానించొద్దే, మరక పడతాది" అని గయ్యిమనేది.

మరి మీదో అంటే, "నాది యెప్పుడో పడిపాయె, ఇంగ నాకేం భయం" అనేది.

ఏడాది మైల తీరేదాకా ఇంటికి సున్నం కూడా వేయకూడదు కాబట్టి, సంవత్సరీకం అయ్యేవరకూ అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. రాట్నం ఉంది, మరక ఉంది, కండెలు చుట్టడం నా మీద పడింది. నేను రాట్నాన్ని గడప దగ్గరికి లాక్కుని అక్కడ చుట్టేదాన్ని. ఆ గోడ దగ్గర కూర్చోవడానికి మనసొప్పేది కాదు. కానీ రోజుకు ఎన్నిసార్లు ఆ మరక ముందు నుంచి నడిచేదాన్నో. వంటింట్లోకి పోయేదానికి దారి అటు కాకపోయినా అటే పోయేదాన్ని.

ఉగాది దాటాక ఒక ఆదివారం నా భర్త శివకృష్ణ అన్నం తిని చేయి కడుక్కుని, ఫోను నా ముందు పెట్టాడు. ఆయన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఫోనులో ఒక హాలు. గోడలు బూడిద రంగు, సీలింగు నుంచి పసుపు వెలుగు, టీవీ వెనక పాలరాయిలా మెరిసే ప్లాస్టిక్ షీట్లు. మన హాలు ఇట్లా చేయిద్దాం అన్నాడు. ఈ సోఫా ఎక్కడ పడుతుందని అడిగాను. మగ్గం ఉన్నచోట అన్నాడు.

"మరి మగ్గం?"

"నాయన నేసింది చాల్లే. ఇంగ కూచోని తినమను."

మామ మగ్గంలోనే ఉన్నాడు. నాడె ఆగింది. ఆయన మాట తక్కువ మనిషి, అత్త ఉన్నప్పుడు ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. ఆయన తలెత్తకుండానే, "చేతిలో ఉండే చీర దిగనీరా. దిగినంక మీ ఇష్టం" అన్నాడు. నాడె మళ్లీ ఆడింది.

చీర దిగితే మగ్గం పోతుంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే దాన్ని మొత్తం లాగేయరు. పోగుల్ని దువ్వెనలా పట్టుకునే అచ్చులో మిగిలిన పాత పోగుల కొనలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. వేలి కొసలకు బూడిద అద్దుకుని ఆడవాళ్లే చేస్తారు ఆ పని. అట్లా ఒకదానికొకటి అతుక్కుంటూ పోవడమే గానీ మగ్గం ఎప్పుడూ ఖాళీ కాదు. ఇప్పుడున్న పడుగు అత్త అతికింది, పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, నా ప్రతి మెలికకూ ఒక తిట్టు తిడుతూ. మంచం పట్టే ముందు ఆమె చేసిన ఆఖరి పని అదే. ఆ తర్వాత మామ చాలా నెలలు మగ్గంలోకి దిగనే లేదు, అందుకే ఆ పడుగు ఇంకా ఉంది. మగ్గం తీసేస్తే ఆ వరస తెగిపోతుంది. నాకు కావలసిందల్లా ఆ మగ్గం అక్కడ ఉండటం. కానీ ఆ మాట పైకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నోరు రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. వీధి వీధంతా ఇది నా పనే అనుకుంది. అత్త మైల తీరిందో లేదో, హిందూపురం కోడలు ఇల్లు తిరగేస్తాంది అని కొళాయి దగ్గర అనుకున్నారు. కాదు, మా ఆయన పని అని చెప్తే మొగుణ్ని వీధిలో పెట్టినట్టు. అవునంటే అబద్ధం. అందుకే బిందె నిండేదాకా నీళ్లవైపే చూస్తూ నిలబడేదాన్ని. అంతా ఒక ఎత్తు, మామ ఒక ఎత్తు. రంగులవాళ్లు వచ్చే ముందు రోజు ఆయన నన్ను పిలిచి మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఆ పచ్చరంగు నీకు మొదట్నుంచీ నచ్చలేదా?"

నాకు నచ్చింది మామా అనబోయాను. అంటే ఆ వెంటనే, మరి ఎవరికి నచ్చలేదు అని అడుగుతాడు. కొడుకు మీద ఒక మాట ఆయన మనసులో వేయడం నాకిష్టం లేదు. "అదేం లేదు మామా" అని లోపలికి పోయాను. నాకే నచ్చలేదని ఆయన అనుకున్నట్టు, పోతూ పోతూ ఆయన మొహం చూస్తేనే తెలిసింది. అత్త ఉంటే నన్ను వెనకేసుకొచ్చేది, నాలుగు తిట్టి మరీ వెనకేసుకొచ్చేది.

రంగులు వేయడానికి తిప్పన్న వచ్చాడు. మగ్గం మీద దుప్పట్లు కప్పి రెండు రోజుల్లో హాలంతా బూడిద చేశాడు. మొదటి కోటు ఆరిన మధ్యాహ్నం చూస్తే, అన్ని గోడలూ బూడిదగా ఉన్నాయి, అత్త గోడ మీద మాత్రం గుండ్రంగా మరక పైకి తేలింది. రెండో కోటు వేశాడు. మరుసటి రోజుకు మళ్లీ తేలింది, ఈసారి కొంచెం పసుపుగా. తిప్పన్న బ్రష్షు పక్కన పెట్టి నవ్వాడు.

"పుట్టమ్మక్క ఒప్పుకోలేదప్పా" అన్నాడు.

శివకృష్ణ నవ్వలేదు. ఆయన మొహం చూసి తిప్పన్న కూడా నవ్వు ఆపేశాడు. నూనె లోపలికి ఇంకిపోయిందనీ, గీకి పుట్టీ పెడితేగానీ పోదనీ చెప్పి, గీకే రేకు తీసుకోబోయాడు.

"గీకొద్దు" అన్నాడు శివకృష్ణ.

అంత గట్టిగా అనేసరికి తిప్పన్నా నేనూ ఇద్దరం ఆయన వైపు చూశాం. గొంతు తగ్గించి, "దాని మీద షీటేస్తాంలే, వదిలెయ్" అని బయటికి పోయాడు. మాపేసేవాడికి గీకితే ఏమిటని నాకు ఆ పూట అర్థం కాలేదు.

ఆ షీట్ల కోసం ఒక సెలవురోజు ఇద్దరం బండి మీద హిందూపురం పోయాం. అంగట్లో వరసగా నిలబెట్టిన షీట్లు, అన్నీ పాలరాయి కాని పాలరాళ్లు. ఆయన ఒకటి తట్టి చూశాడు, డబడబమంది. ఇదే ఇవ్వండి అన్నాడు. సామాను వెనక ఆటోలో పంపిస్తామన్నారు. మధ్యాహ్నం మా అమ్మ ఇంట్లో రాగిసంగటి తిన్నాం. మా అమ్మ ఫోనులో ఆ షీటు ఫోటో చూసి, ఇది ఇంటికా సమాధికా అని అడిగింది. అల్లుడి ముందు అట్లా అనొచ్చా అని నేను మోచేత్తో పొడిచాను. ఆయనేమీ అనుకోలేదు. తల వంచుకుని సంగటి తిన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎండకు తట్టుకోలేక పెనుకొండ దగ్గర చెరకురసం బండి నీడన ఆగాం. కొండ మీది కోటగోడ ఎండకు కాలిపోతోంది. గ్లాసు చేతికొచ్చాక ఇక ఉండబట్టలేక అడిగేశాను, ఆ బూడిద రంగు మీకు నిజంగా ఇష్టమేనా అని.

"నాకేం ఇష్టం? ఏడుపుగొట్టు రంగు" అన్నాడు.

మరెందుకు ఇదంతా అన్నాను. ఆయన రసం తాగలేదు. గ్లాసు అంచు మీద వాలే ఈగల్ని తోలుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత చెప్పాడు.

"షిఫ్టు దిగొచ్చి తలుపు తీస్తానే ఎదురుగ్గా ఆ గోడే కనపడతాది. ఆడ మాయమ్మ కూచోని, అన్నం తింటివా అంటాదని కాలు నిలబడిపోతాది నాకు. ఏడాదిగా దినామూ ఇదే. మరక ఉండాది, మనిషి లేదు. నా చేతగాదు పవిత్రా."

"గీకేస్తే పోయేదిగా" అన్నాను, తెలిసీ తెలియక.

"గీకితే యెట్ల?" అన్నాడు. తాగని గ్లాసు రసం బండి మీద పెట్టేసి లేచాడు.

ఒకే గోడ. దాన్ని చూడటానికి నేను దారి మార్చుకుని నడుస్తున్నాను, దాన్ని చూడలేక ఆయన ఇల్లే మార్చేస్తున్నాడు. ఇద్దరిదీ ఒకటే బాధ అని తెలిశాక ఆయన మీద కోపం పెట్టుకోవడం నాకు చేతకాలేదు. బండెక్కి ధర్మవరం చేరేదాకా ఆయన వీపుకు చెంప ఆనించి కూర్చున్నాను. మగ్గం తీయొద్దని అడగాలని దారంతా అనుకుని, అడగకుండానే ఇల్లు చేరాను.

షీట్లు వచ్చాయి. అత్త గోడ మీద తెల్లగా, నున్నగా బిగుసుకున్నాయి. మరక మూతపడింది. ఆ వారంలోనే సీలింగు మేస్త్రీ రఘునాథ్ మనుషులతో వచ్చాడు. మగ్గం పైన, చీరలో పువ్వులు తేల్చే జకార్డు పెట్టెకు కాస్త ఎడం వదిలి, మిగతా హాలంతా ఒక చివర నుంచి ఇంకో చివరకు పలకలు బిగించేశాడు. గవాచిని వదలాలా అని అతను అడగనూ లేదు, వదలమని మేం చెప్పనూ లేదు. మగ్గం ఎట్లాగూ నాలుగు రోజుల్లో పోయేదే కదా, దానికి గవాచి ఎందుకనుకున్నాడు శివకృష్ణ. నేను మాత్రం ఆఖరి పలక ఎక్కేటప్పుడు గుమ్మంలో నిలబడి చూశాను. నేల మీద పడే వెలుగు చదరం సగమైంది, పావు అయింది, పోయింది. రఘునాథ్ స్విచ్చి వేశాడు. హాలంతా పసుపు వెలుగు. పెళ్లి మండపం మాదిరి ఉండాదప్పా అని తనే మెచ్చుకున్నాడు.

మరుసటి రోజు నుంచి మామ ఆ లైట్ల కింద నేశాడు. చీర ఇంకొక మూడు మూరలే మిగిలింది. దానిమ్మగింజ రంగు చీర. పట్టపగలు లైట్లు వేసుకుని నేయడం ఆయనకు కొత్త. రెండుసార్లు తలెత్తి పైకి చూశాడు, చూసి మళ్లీ దించుకున్నాడు. నేను గడప దగ్గర చుట్టిన కండెల్ని బుట్టలో వేసి ఆయన పక్కన పెట్టేదాన్ని. ఆ బుట్ట అడుగున అంతకు ముందు చీరవి, వక్కరంగు కండెలు కొన్ని మిగిలి ఉన్నాయి. అత్త ఉంటే ఏ చీర కండెలు ఆ చీరతోనే తీసేసేది. నాకు ఆ ధ్యాస లేకపోయింది.

ఆదివారం పొద్దున శివకృష్ణ మగ్గానికి ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాడు. మామ నేస్తున్నాడు. కరెంటు పోయింది. ఎండాకాలం కరెంటు పోవడం వింతేమీ కాదు, హాలు చీకటి గుయ్యారమైపోవడమే కొత్త. గవాచి ఉన్నప్పుడు కరెంటు పోతే ఫ్యాను ఆగిందనే తెలిసేది, అంతే. నేను లేచి వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాను. వెలుగు నేరుగా వచ్చి మగ్గం మీద పడింది.

దానిమ్మగింజ రంగు చీర మీద, మూరెడు వెడల్పున, గోధుమగా ఒక పట్టీ కనపడింది.

మామ దాని మీద వేలితో రాసి చూశాడు. నాడెలోంచి కండె తీసి, గుంతలోంచి లేచి, గడప దాకా నడిచి, వెలుగులో పట్టుకుని చూశాడు. అది వక్కరంగు. నిన్న సాయంత్రం నుంచీ ఆయన వక్కరంగుతో నేస్తున్నాడు. నూలు కొన్నా పట్టు కొన్నా, రంగు సరిగ్గా పడిందో లేదో చూడమని మా వీధివాళ్లు ఆయన దగ్గరికే తెచ్చేవారు. ఆయన తిరిగొచ్చి మగ్గం అంచు మీద కూర్చున్నాడు, గుంతలోకి దిగలేదు.

"నేను చుట్టిన కండెలే మామా. బుట్టలో నేనే కలిపేసినా. నాకూ తేడా తెలీలేదు" అన్నాను.

"నీకు కొత్తమ్మా. నాకేం కొత్త?" అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "శివా, నా కండ్లు పాయినట్లుండాయిరా. దానిమ్మకూ వక్కకూ తేడా తెలీలేదంటే ఇంగ యేం నేస్తా? ఈ చీర ఇంగెవరితోనన్నా దింపిస్తా. మగ్గం రేపే తీసేయండి."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నా బాగుండేది. కొడుకు కోరినట్టు మగ్గం వదిలేస్తున్న మనిషి, తప్పు కూడా తన కళ్లదే అని తన మీదే వేసుకున్నాడు. నాకు అత్త మీద కోపమొచ్చింది, ఇట్లాంటి పూట లేకుండా పోయినందుకు.

అంతలో కరెంటు వచ్చింది. లైట్లు వెలిగాయి. నేను చీర వైపు చూశాను. గోధుమ పట్టీ లేదు. చీరంతా ఒకటే రంగు. శివకృష్ణ కూడా చూశాడు. తినే చేయి కంచంలోనే ఆగిపోయింది.

ఆయన లేచి చేయి కడుక్కున్నాడు. బుట్టలోంచి దానిమ్మ కండె ఒకటి, నాడె పక్కన పడున్న వక్క కండె ఒకటి తీసుకుని లైటు కింద పట్టుకున్నాడు. వీధిలోకి పోయి ఎండలో పట్టుకున్నాడు. మళ్లీ లోపలికి వచ్చాడు. నాగేంద్రమ్మ మెట్టు మీద కూర్చుని, ఈ అబ్బాయికేమైందని చూస్తోంది. రెండు కండెలూ బుట్టలో వేసేసి, పెరట్లోంచి నిచ్చెనా, రంపమూ తెచ్చాడు. మగ్గం పక్కన నిచ్చెన ఆనించాడు.

"మగ్గం మీద దుప్పటి కప్పు" అని నాతో అన్నాడు. నేను రెండు దుప్పట్లు కప్పాను.

"యేం చేస్తాండావురా?" అన్నాడు మామ.

"రంగు సూస్తాండా నాయనా."

రంపం పలకలో దిగింది. తెల్లటి పొడి ఆయన జుట్టు మీద, భుజాల మీద, దుప్పట్ల మీద రాలింది. కొత్త సీలింగు, రంగు వాసన కూడా పోలేదింకా. కోత వంకర టింకరగా వచ్చింది, ఒక మూల ఎక్కువ విరిగింది. విరిగిన పలకను కిందికి లాగేసరికి పైన గవాచి, దాని అద్దం, అద్దం మీద ఏడాది దుమ్ము. ఆ దుమ్ములోంచే వెలుగు దిగింది. మామ చేయి చాచి ఆ వెలుగులో తిప్పి చూసుకున్నాడు, అరచేయి ఒకసారి, వెనకవైపు ఒకసారి. నేను దుప్పట్లు ఎత్తాను. గోధుమ పట్టీ గోధుమగా ఉంది, దానిమ్మ దానిమ్మగా ఉంది.

"కండ్లు బాగానే ఉండాయి నాయనా నీవి" అన్నాడు శివకృష్ణ నిచ్చెన మీద నుంచే.

మామ గుంతలోకి దిగి కాళ్లు సర్దుకుని, తప్పు పడిన పేకను ఒక్కొక్క పోగే వెనక్కి తీయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత మగ్గం తీసే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. రఘునాథ్ వచ్చి ఆ కంత చూసి తల పట్టుకున్నాడు, ఇట్లా కోస్తే ఇంక గ్యారంటీ ఉండదప్పా అన్నాడు. సోఫా వచ్చింది గానీ దానికి హాల్లో చోటు లేదు. వసారాలో వేశాం. పగలంతా నాగేంద్రమ్మ వచ్చి దాని మీద కూర్చుంటుంది, తన సొంత హాలు తప్పించుకోవడానికి.

చీర దిగింది. జూన్‌లో తొలి వాన పడ్డాక కొత్త పడుగు వచ్చింది. నేను వేలి కొసలకు బూడిద అద్దుకుని అతకడానికి కూర్చున్నాను. అచ్చులో మిగిలిన పాత పోగుల కొనలు అత్త అతికిన పడుగువి. ఒక్కో కొన అందుకుని కొత్త పోగుతో మెలిపెడుతుంటే, ఇంత సేపూ ఆమె ఒక కొసా నేనొక కొసా పట్టుకున్నట్టే అనిపించింది. పడుగంతా అయ్యేసరికి నా వేళ్లు బొబ్బలెక్కాయి. మామ వచ్చి పోగుల మీద అరచేయి ఆడించి చూశాడు. ఒక్కటీ ఊడలేదు. "పుట్టమ్మ చెయ్యే" అన్నాడు. ఆ మాటతో ఆయన మనసులో ఆ పచ్చరంగు సంగతి తీరిపోయిందని నాకు తెలిసింది.

ఇక గడప దగ్గర కూర్చుని చుట్టడం కుదరలేదు. కండెలు మళ్లీ కలిసిపోకుండా ఒక్కొక్కటీ నేను చేతికి అందించాలి, ఆయన అందుకోవాలి. అందుకని రాట్నం పాత చోటికే తెచ్చి, గవాచి వెలుగు అంచున, ఆ షీట్ల గోడకు ఆనుకుని కూర్చున్నాను. ప్లాస్టిక్ షీటుకు తల నిలవదు. జారిపోతుంది. ఉక్కకు వెంట్రుకలు దానికి అతుక్కుని చుర్రుమంటాయి. ఇటు తిప్పి ఆనించాను, అటు తిప్పి ఆనించాను. తలెత్తి చూస్తే శివకృష్ణ షిఫ్టు దిగొచ్చి, తలుపు తీసి, గుమ్మంలో నిలబడిపోయి ఉన్నాడు. నావైపే చూస్తున్నాడు. అన్నం తింటారా అన్నాను. ఆయన మొహం తిప్పేసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

మరుసటి రోజు సెలవు. పొద్దున్నే స్క్రూలు విప్పే చప్పుడుకు వచ్చి చూస్తే, నేను కూర్చునే చోట ఉన్న ఒక్క షీటును మాత్రం ఊడదీస్తున్నాడు. అది కిందికి దిగింది. వెనక బూడిద రంగులోంచి అత్త మరక, ఎక్కడిది అక్కడే ఉంది.

"తీసేస్తే కనపడతాది కదా" అన్నాను.

"నువ్వు కూచుంటే కనపడదులే" అన్నాడు.

షీటు తీసుకుపోయి పెరట్లో కట్టెల మీద వాన పడకుండా కప్పాడు. ఇప్పుడు మా హాలును చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. సీలింగులో వంకర కంత, పాలరాతి గోడలో పన్ను ఊడినట్టు ఒక ఖాళీ. వచ్చినవాళ్లు అడిగితే షీటు తక్కువ పడిందని చెప్తాడు శివకృష్ణ. వీధిలో మాట మళ్లీ నా మీదికే వచ్చింది. ఇంత చేయించుకుని ఆ నూనె మరక ఒకటి పోగొట్టుకోలేకపాయె, ఇల్లు దిద్దుకోవడం తెలీని కోడలు అంటున్నారట. నాగేంద్రమ్మే వచ్చి చెప్పింది, మా సోఫా మీద కూర్చుని.

కానీ శివకృష్ణ లెక్క తప్పింది. నేను పొట్టిదాన్ని. నేను కూర్చున్నా అత్త మరక నా తల పైనుంచి కనపడుతూనే ఉంటుంది. ఆయన తలుపు తీసినప్పుడు రెండూ చూస్తాడు, నన్నూ దాన్నీ. ఇప్పుడు కాలు ఆగదు, నేరుగా లోపలికి వస్తాడు.

మొన్న ఊడుస్తూ చూశాను. అత్త మరకకు జానెడు కింద ఇంకో మరక మొదలైంది. ఇంకా లేతగా ఉంది, వెలుగు పక్క నుంచి పడితేనే తెలుస్తుంది. కొంగుతో తుడిచి చూశాను, పోలేదు. కండె నిండినప్పుడల్లా తెంపి, ఇంకోటి ఎక్కించి, తల వెనక్కి ఆనించే ముందు ఒక్క క్షణం ఆగుతాను. గోడకు తలానించొద్దే అని ఎవరైనా గయ్యిమంటారేమోనని ఆగుతాను. మగ్గం చప్పుడు తప్ప ఏమీ వినపడదు. తల ఆనించుకుని, మళ్లీ చుట్టుకుంటాను.